పన్నెండో స్థానంలో ఫస్టొచ్చిన కారుకి

చిరంజీవి మాజ్దా 717సీకి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వు కూడా ఏ షెడ్డులోనో గుడ్డ కప్పుకుని క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నేనెవరో నీకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. మా తెలుగునాట మాజ్దా అంటే రేసు కారని ఎవరూ అనుకోరు. 1980లలో మీ జపాను కంపెనీలు మా దేశం వాళ్ళతో చేతులు కలిపి చిన్న లారీలు దింపాయి. డీసీఎం టయోటా, ఆల్విన్ నిస్సాన్, ఐషర్ మిత్సుబిషి, వాటితోపాటు స్వరాజ్ మాజ్దా. పెళ్ళివారి బిందెలూ పరుపులూ, ఫారం కోళ్ళ పంజరాలూ, స్కూలు పిల్లలూ వాటిలోనే ఎక్కి దిగారు. అందుకని 1991లో ఫ్రాన్సులో లె మాన్స్ 24 గంటల రేసును మాజ్దా గెలిచిందని ఎవరైనా చెబితే, మా వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, 'ఏ బస్సుతో?'

ఆ గెలిచింది నీ తమ్ముడు 787బీ. వాడి గురించి రాయని వాడు లేడు. నారింజ, ఆకుపచ్చ రంగుల చొక్కా, 55 నంబరు, చెవులు చిల్లులు పడే ఆ కేక. వాడి కేకను ఫోనులో రింగుటోనుగా పెట్టుకున్న పెద్దమనుషులు కూడా ఉన్నారు. అదే ఇంటి పెద్దకొడుకువి నువ్వు. నీకు ఉత్తరం ముక్క రాసిన వాడు లేడు. ఆ లోటు తీర్చాలనే ఈ సాహసం. పొగుడుతాననుకుని మురిసిపోకు.

నీ జాతకం 1983తో మొదలై దాదాపు 1983తోనే ముగిసింది. ఆ ఏడాది జూన్ 18, 19 తేదీల్లో నిన్నూ నీ కవల తోబుట్టువునీ లె మాన్స్‌లో దించారు. 13.6 కిలోమీటర్ల ట్రాకు, అందులో దాదాపు ఆరు కిలోమీటర్లు తిన్నగా సాగే హునోడియేర్ రోడ్డు. వేగం తగ్గించే మలుపులు దాంట్లో అప్పటికింకా పెట్టలేదు. నీ వెనక 1,308 సీసీల ఇంజిను, సుమారు 300 గుర్రాలు. నీ ముందు పోర్షే 956ల మంద, ఒక్కొక్కదానికీ నీకు రెట్టింపు బలం. టర్బో లేదు, బరువు లేదు, పేరు లేదు. గాలికి అడ్డం తగలకుండా మూన్‌క్రాఫ్ట్ సంస్థకు చెందిన తకుయా యురా నీ ఒళ్ళు నున్నగా చెక్కాడు కాబట్టి, ఆ తిన్నటి రోడ్డు మీదైనా పరువు దక్కుతుందని ఆశ.

రేసు అయ్యాక ఫలితాల పట్టీ చూస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా పోర్షే. తొమ్మిదోది సాబర్. పదోది మళ్ళీ పోర్షే. ఆ ఒక్క తొమ్మిదో గడి చూపించి, 'ఎవరూ నూటికి నూరు కారు కదా' అనే అర్థం వచ్చేలా పోర్షేవాళ్ళు పోస్టరు వేసుకున్నారు. వినయం అంటే అదీ. నీ పేరు కోసం వేలు ఇంకా కిందికి జరపాలి. పన్నెండు. 60వ నంబరు కారు, మాజ్దా 717సీ, గ్రూప్ సీ అనే రేసు కార్ల విభాగంలో చిన్నవాళ్ళ కోసం పెట్టిన జూనియర్ తరగతిలో విజేత!

బాగుంది. మరి ఆ తరగతిలో రెండో స్థానం ఎవరిది? ఎవరిదీ కాదు. మూడోది? అదీ అంతే. మిగతా జూనియర్లందరూ దారిలోనే కూలబడ్డారు, నీ సొంత కవల 61వ నంబరుతో సహా. చివరిదాకా తిరిగింది నువ్వొక్కడివే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అనే మాట మా పెద్దలు నిన్ను చూడకుండానే ఎలా అన్నారో నాకు అంతుబట్టదు.

ఇందులో నువ్వు సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫలితాలొచ్చిన మర్నాడు మా ఊళ్ళలో కార్పొరేట్ కాలేజీలు కట్టే ఫ్లెక్సీలు చూస్తే నీకే ధైర్యం వస్తుంది. రాష్ట్రంలో ఒకటో ర్యాంకు దొరక్కపోతే జిల్లాలో ఒకటి, అదీ లేకపోతే మండలంలో ఒకటి, మరీ ఇబ్బందైతే మా బ్రాంచిలో ఒకటి. ఒకటి అనే అంకె పెద్దగా ఉంటుంది, ఎక్కడ అన్నది కింద చీమ తలకాయంత అక్షరాల్లో. నువ్వు మాత్రం అంత అన్యాయం చేయలేదు. పన్నెండునీ ఒకటినీ పక్కపక్కనే చెప్పుకున్నావు.

అయినా నన్ను ఇబ్బంది పెడుతున్న సంగతి వేరే ఉంది. నువ్వు గెలిచింది వేగంతో కాదు, చెడిపోకపోవడంతో. చెడిపోకపోవడం మీ వంశంలో ఎప్పుడు మొదలైందయ్యా?

ఆ వంశం సంగతి చదివేవాళ్ళకి కాస్త చెప్పాలి. నీ ఇంజినులో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు, పైకీ కిందికీ కొట్టుకునేది ఏదీ లేదు. అంచులు ఉబ్బిన త్రికోణపు లోహపు దిమ్మ ఒకటి, నడుము కాస్త నొక్కుకుపోయిన గుండ్రటి గదిలో తిరుగుతుంటుంది. దాని పేరు రోటరు. నీకు అలాంటివి రెండు. ఒక పక్క గాలీ పెట్రోలూ పీల్చడం, ఇంకో పక్క నొక్కి మండించడం, మూడో పక్క పొగ కక్కడం, అన్నీ ఏకకాలంలో. రోటరు ఒక్క చుట్టు తిరిగేలోగా ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. కాగితం మీద చూస్తే ఇంతకంటే ముద్దొచ్చే యంత్రం ఉండదు. చిక్కంతా ఆ త్రికోణం మూడు మొనల దగ్గర. ప్రతి మొనలోనూ ఓ సన్నని పట్టీ ఉంటుంది, ఎపెక్స్ సీల్ అంటారు. అది నిమిషానికి వేల చుట్లలో గోడను ఒరుసుకుంటూ పోవాలి, ఒక్క క్షణం కూడా వదలకూడదు, అట్లాగని గోడను గీకకూడదు. అత్తారింట్లో కొత్తల్లుడు కూడా అంత ఒద్దికగా ఉండలేడు.

ఫెలిక్స్ వాంకెల్ బుర్రలో పుట్టిన ఈ ముచ్చటను జర్మనీలో ఎన్‌ఎస్‌యూ కంపెనీ మొదట కార్లలో పెట్టింది. 1967లో వాళ్ళ ఆర్ఓ 80 బయటికొచ్చింది. చూడముచ్చటైన కారు, 1968కి యూరప్‌లో మేటి కారు బిరుదూ దక్కింది. తరవాత సీళ్ళు అరగడం మొదలైంది. గ్యారంటీ కింద ఇంజిన్లు మార్చి మార్చి కంపెనీ ఖజానా అరిగిపోయింది, 1969లో ఎన్‌ఎస్‌యూ ఫోక్స్‌వ్యాగన్ గొడుగు కిందికి చేరింది. ఆర్ఓ 80 యజమానులు రోడ్డు మీద ఎదురుపడితే చెయ్యి ఊపేవారు కారట, ఇప్పటికి ఎన్ని ఇంజిన్లు మార్చామో అన్ని వేళ్ళు చూపించుకునేవారని ఒక జోకు.

అలాంటి ఇంజినుకు లైసెన్సు కోసం ఎగబడి వెళ్ళినవాళ్ళలో హిరోషిమా వాళ్ళు, అంటే మీవాళ్ళు, ముందున్నారు. వాళ్ళ బాధ వాళ్ళది. చిన్న కార్ల కంపెనీలన్నీ పెద్దవాటిలో కలిసిపోవాలని జపాను సర్కారు ఒత్తిడి పెడుతున్న రోజులవి. మా దగ్గర ఎవరి దగ్గరా లేనిదేదో ఉంది అని చూపించుకోకపోతే బతుకు లేదు. 1961లో ఒప్పందం కుదిరింది. తీరా ఇంజిను తెచ్చి తిప్పితే సీళ్ళు అదిరి గోడంతా చారలు పడ్డాయి. ఇంజనీర్లు వాటికి 'దయ్యం గోటి గీతలు' అని పేరు పెట్టారు. కెనిచి యమమోతో అనే ఆయన 47 మందిని వెంటేసుకుని ఆ గీతల మీద కూర్చున్నాడు. యజమాని కోసం ప్రాణాలొడ్డిన 47 మంది సమురాయ్‌ల కథ జపానులో చంటిపిల్లలకి కూడా తెలుసు, కాబట్టి ఈ బృందానికి ఆ పేరు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. చివరికి కార్బన్‌నీ అల్యూమినియంనీ కలిపి చేసిన సీలుతో దయ్యం కొంత తగ్గింది. పూర్తిగా వదిలిందని నేను రాయను, రోటరీ కారున్నవాళ్ళు నన్ను బతకనివ్వరు.

దయ్యం తగ్గాక దాహం మొదలైంది. మండే గది సన్నగా, పొడుగ్గా ఉండడంతో పెట్రోలు పూర్తిగా మండదు, వేడి గోడల పాలవుతుంది. సీళ్ళు తడిగా ఉండాలని ఇంజినాయిలు కూడా కావాలనే కాస్త కాస్త తాగిస్తారు. 1973లో చమురు సంక్షోభం వచ్చేసరికి అమెరికాలో మాజ్దా అమ్మకాలు కుప్పకూలాయి. సుమితోమో బ్యాంకు వచ్చి చెయ్యి పట్టుకుని లేపాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో బోల్టులు బిగించే మనుషుల్ని కూడా కార్లు అమ్మిపెట్టండంటూ షోరూములకు తోలారు.

మరి ఇంత దాహమున్న జాతిని, ఏ తెలివిగలవాడు పెట్రోలు కొలిచి పోసే పోటీకి పంపాడు? గ్రూప్ సీ అంటేనే అది కదా. వెయ్యి కిలోమీటర్ల రేసుకు పెద్ద కార్లకు 600 లీటర్లు, నీలాంటి జూనియర్లకు 330. లెక్కేస్తే లీటరుకు మూడు కిలోమీటర్లు. ట్యాంకులో పట్టేది 55 లీటర్లే. కనీస బరువు 700 కేజీలు. చిన్న జట్లు, చిన్న ఇంజిన్లు, చిన్న ఖర్చు అని చెప్పి పెట్టిన తరగతి అది. తాగుబోతును తీసుకెళ్ళి ఉపవాస దీక్షలో కూర్చోబెట్టినట్టే. నువ్వు దీక్ష పూర్తిచేసి లేచొచ్చావు, పక్కన కూర్చున్న నిష్ఠాపరులేమో మధ్యలోనే పడిపోయారు.

అందుకే ఆముదం చెట్టు సామెత నీ మీద వేశాక నాకే కాస్త మింగుడుపడలేదు. ఆ ఏడాది మొదటి స్థానంలో వచ్చిన పోర్షే సంగతి చూడు. షుప్పాన్, హోల్బర్ట్, హేవుడ్‌ల కారు. తలుపు ఒకటి ఊడి ఎగిరిపోయింది, దాంతో ఇంజినుకు గాలి సరిగ్గా అందక వేడెక్కి, చివరి చుట్టులో పొగలు కక్కుకుంటూ గీత దాటింది. వెనక ఇక్స్, బెల్‌ల కారు తరుముకొస్తోంది. ఇంకొక్క చుట్టు ఉంటే కథ మారేదేమో. దాన్ని మాత్రం వీరగాథ అన్నారు. నువ్వు తలుపులూ అన్నీ ఒంటి మీదే ఉంచుకుని ఇంటికొచ్చావు, ఎవరికీ పట్టలేదు. చెడిపోతూ గెలిస్తేనే కథ అవుతుంది, చెడిపోకుండా పన్నెండోవాడిగా వస్తే హాజరు పట్టీలో టిక్కు అవుతుంది.

నిన్ను పోటీకి దింపినవాళ్ళ గురించి ఒక ముక్క. మాజ్దాస్పీడ్ అంటే ఏదో పెద్ద రేసింగు పరిశోధనశాల అనుకుంటారు జనం. దాని మూలం టోక్యోలో కార్లమ్మే డీలరు దగ్గర ఒక మూలనున్న స్పోర్ట్స్ విభాగం. అక్కడి తకయోషి ఒహాషి అనే ఆయనకి లె మాన్స్ పిచ్చి పట్టింది. 1979లో ఆర్ఎక్స్-7 అనే మాజ్దా రోడ్డు కారును తీసుకెళ్తే అర్హత కూడా దక్కలేదు. 1981లో రెండు కార్లు వెళ్ళి రెండూ ఆగిపోయాయి. 1982లో ఒకటి పద్నాలుగో స్థానంలో గట్టెక్కింది. 1983లో విభాగం కాస్తా మాజ్దాస్పీడ్ అనే కంపెనీ అయ్యింది, రోడ్డు కారును సాగదీయడం మాని మొదటిసారి రేసుకోసమే ఒక కారు కట్టారు. ఆ మొదటి కాన్పు నువ్వు. అందుకే నిన్ను పెద్దకొడుకువి అన్నాను.

నిన్ను నడిపిన ముగ్గురూ జపానువాళ్ళే. యోషిమి కతయమ, తకషి యోరినో, యొజిరో తెరద. ఇందులో కతయమది పాత కథ. ఒకప్పుడు సుజుకీ మోటారుసైకిళ్ళ మీద గ్రాండ్ ప్రి రేసులు తిరిగినవాడు. 1968లో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ మీద 84 గంటల మారథాన్ జరిగితే, మాజ్దా మొదటి తరం రోటరీ కారు కాస్మో ఎక్కాడు. వాళ్ళ కారు 82వ గంటలో ఆగిపోయింది. తమాషా ఏంటంటే ఆగింది ఇంజిను వల్ల కాదు, వెనక చక్రాల ఇరుసు వల్ల. తోడుగా వెళ్ళిన రెండో కాస్మో నాలుగో స్థానంలో వచ్చింది. 82 గంటలు తిరిగి ఇరుసు దగ్గర మోసపోయిన మనిషికి, పదిహేనేళ్ళ తరవాత నువ్వు 24 గంటలు నమ్మకంగా తిరిగిపెట్టావు. ఇంతమాత్రం నీ ఖాతాలో రాయక తప్పదు.

సరే, అంత ఘనకార్యం చేశాక ఇంటివాళ్ళు ఏం చేశారు? 1984కల్లా నిన్ను పక్కనపెట్టి 727సీని తెచ్చారు. జూనియర్ అనే పేరు కూడా మార్చి సీ2 అన్నారు, ఇక ఎవరూ చిన్నవాళ్ళు కారన్నట్టు. కొత్తవాడు నీ రికార్డు నిలబెడతాడనుకుంటే, పోటీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? సొంత వంటింట్లోంచి. అమెరికా నుంచి బీఎఫ్ గుడ్‌రిచ్ టైర్ల కంపెనీవాళ్ళు లోలా టీ616 అనే రేసు కార్లు రెండు తెచ్చారు. వాటిలో ఇంజిను ఏది? నీ గుండెలో కొట్టుకున్న అదే 13బీ. టైర్లు ఏవి? రేసు టైర్లు కావు, రోడ్డు కార్లకు వేసుకునే రకం రేడియల్స్. ఆ బండి పదో స్థానంలో వచ్చి సీ2 తరగతిని ఎగరేసుకుపోయింది. రెండో లోలా పన్నెండు. మీ 727సీలు పదిహేను, ఇరవై. ఇంటి అల్లం ఇచ్చి పక్కింటివాడి పచ్చడికి బహుమతి తెప్పించడమంటే ఇదే. ఆ గెలిచిన లోలాలో అమెరికావాళ్ళతోపాటు కూర్చున్న మూడో డ్రైవరు ఎవరనుకున్నావు? మన కతయమే! వరసగా రెండేళ్ళు తరగతి గెలిచాడు మనిషి. నిన్ను తలుచుకున్నాడో లేదో నేను చెప్పలేను.

ఆ తరవాత 1985లో 737సీ, పందొమ్మిదీ ఇరవైనాలుగూ. ఇక చిన్న తరగతితో లాభం లేదనుకున్నారు. అక్కణ్ణుంచి మీ ఇంట్లో సమస్య ఏదొచ్చినా పరిష్కారం ఒకటే, ఇంకో రోటరు తగిలించు. 757కి మూడు. 767కి నాలుగు. 787బీకీ నాలుగే, గుర్రాలు 700. నీ రెండు రోటర్ల పక్కన వాటిని పెడితే నువ్వు కుట్టుమిషనులా ఉంటావేమో.

1991 సంగతి నీకు చెప్పేదేముంది. చెప్పినా ఒక్కటే చెబుతాను. పోటీదార్ల బరువు వెయ్యి కేజీలు ఉండాలన్న చోట, 830 చాలని నిబంధనలవాళ్ళ చేత ఒప్పించుకొచ్చింది ఆ ఒహాషే. రేసు మొదలవకముందే కాగితం మీద 170 కేజీలు గెలిచాడు. ఈ లెక్కన అతనూ ఒక డ్రైవరే. 22వ గంట దాకా ముందున్నది మెర్సిడెస్. అది వేడెక్కి ఆగిపోయింది, నీ తమ్ముడు ముందుకొచ్చాడు, ముగింపు దాకా ఆగలేదు. మరి ఇదేం గెలుపు? ముందువాడు ఆగిపోతే వెనకవాడు గెలిచినదే కదా! ఇంతకీ అక్కడ ఆముదం చెట్టు సామెత ఎత్తిన వాడు ఒక్కడైనా ఉన్నాడా? లేడు. మొత్తం రేసులో ఫస్టొస్తే మహావృక్షమే, జూనియర్లలో ఫస్టొస్తే ఆముదం.

ఆ గెలిచిన కారులో హెర్బర్ట్, వైడ్లర్, గాషో ఉన్నారు. తెరద, యోరినో కూడా ఆ రోజు అక్కడే ఉన్నారు. 56వ నంబరు కారులో, పాత మోడలు 787లో. ఎనిమిదో స్థానం. తెరద తన జీవితంలో మొత్తం 29 సార్లు లె మాన్స్ నడిపాడు. ఏళ్ళ తరబడి ఆ మొండి ఇంజినును మోసుకుంటూ తిరిగినవాళ్ళు ఎనిమిదో స్థానంలో దిగి చప్పట్లు కొట్టారు. ఎనిమిదైనా, నువ్విచ్చిన పన్నెండు కంటే మెరుగేలే.

ఇక ఆ నిషేధం గొడవ. '787బీ గెలిచిందని ఓర్వలేక రోటరీని నిషేధించారు' అని అభిమానులు గుండెలు బాదుకుంటుంటారు. వినడానికి బావుంటుంది. అసలు సంగతేమిటంటే అందరూ 3.5 లీటర్ల పిస్టన్ ఇంజిన్లే వాడాలన్న నిర్ణయం మీవాడు గెలవడానికి ముందే జరిగిపోయింది. వాడు గెలిచింది తలుపు మూసుకునే సమయానికి సందులోంచి దూరి. అయినా నిషేధం అనే మాటలో ఎంత దర్జా ఉందో చూడు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించేంత దర్జా. నిన్నెవరైనా నిషేధించారా? లేదు. నీ మీద ఫిర్యాదు చేశారా? లేదు. నీ వల్ల నిబంధనల్లో కామా అయినా జరిగిందా? అదీ లేదు. కొత్తది వచ్చింది కాబట్టి పాతది పక్కకు జరగమన్నారు, జరిగావు. మా ఆఫీసుల్లో పాత టైపిస్టుల్ని కంప్యూటరు సెక్షను వెనకబెంచీకి జరిపినట్టు కూడా కాదు, వాళ్ళు కనీసం యూనియను పెట్టారు.

నువ్వు కూడా ఏదో ఒకటి చేయాల్సింది. కనీసం చివరి చుట్టులో కాస్త పొగైనా వదలాల్సింది. ఒక తలుపైనా ఊడగొట్టుకోవాల్సింది.

ఇట్లు,
నీ తమ్ముడి కేక విని నీ దాకా వచ్చిన
ఒక స్వరాజ్ మాజ్దా ప్రయాణికుడు

తా.క. తిరుగుటపాలో మైలేజీ ఎంతిచ్చేదో తప్పక రాయి. లీటరుకు మూడు అని నిజం రాసేవు, కొంచెం పెంచి రాయి. మా వాళ్ళు మిగతావి ఏమీ అడగరు.